ఆఫ్రికా ఆకాశంలో బెరిల్

మా పెద్దమ్మాయి డిగ్రీ రెండో ఏడాదిలో ఉండగా ఓ రాత్రి అన్నం తింటూ తింటూ, నేను పైలట్‌నవుతానమ్మా అంది. నా చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది.

మాది నల్లగొండ జిల్లా హాలియా. నాగార్జునసాగర్‌కు పోయే రోడ్డు మీద ఊరు. మా ఆయనకు రోడ్డు పక్కనే ట్రాక్టర్ల రిపేరు షెడ్డు ఉంది. సాగర్ దగ్గరి ఎయిర్‌స్ట్రిప్ నుంచి శిక్షణ విమానాలు లేస్తుంటే మా పిల్లలు మేడెక్కి చెయ్యూపేవాళ్లు. అదే సాగర్ నుంచి 2022 ఫిబ్రవరి 26న లేచిన చిన్న విమానం ఒకటి పెద్దవూర మండలంలో పొలాల్లో కూలిపోయింది. అందులో ఒక్కతే ఉన్న శిక్షణ పైలట్ అమ్మాయి చనిపోయింది. ఎవరి బిడ్డో! ఆ రాత్రి మా వీధిలో ఏ తల్లికీ ముద్ద దిగలేదు. మరి నా బిడ్డ వచ్చి ఆ మాటంటే నాకెట్లా ఉంటుంది?

వద్దన్నాను. అది వాదించలేదు. లైబ్రరీ నుంచి ఓ ఇంగ్లీషు పుస్తకం తెచ్చుకుని, సాయంత్రం నేను కూరగాయలు తరుగుతుంటే పక్కన కూర్చుని రోజూ కొంచెం కొంచెం తెలుగులో చెప్పడం మొదలుపెట్టింది. బెరిల్ మార్ఖమ్ అనే ఆవిడ కథ అది. 1930లలో ఆఫ్రికా అడవుల మీద ఒంటరిగా విమానం నడిపిన మనిషి. వినగా వినగా నా భయం పోలేదు గానీ, దేనికి భయపడాలో మాత్రం తెలిసొచ్చింది. అందుకే మీతో చెప్పుకోవాలనిపించింది.

గుర్రాల మధ్య పెరిగిన పిల్ల

బెరిల్ 1902 అక్టోబర్ 26న ఇంగ్లండ్‌లో పుట్టింది. తండ్రి చార్లెస్ క్లటర్‌బక్. ఆమె చిన్నపిల్లగా ఉండగానే ఆయన కుటుంబాన్ని తూర్పు ఆఫ్రికాకు, అంటే ఇప్పటి కెన్యాకు, తీసుకుపోయాడు. కొన్నాళ్లకే తల్లి కొడుకును వెంటబెట్టుకుని ఇంగ్లండ్ వెళ్లిపోయింది. కూతురు తండ్రి దగ్గరే ఉండిపోయింది. న్జోరో అనే చోట ఆయనకు వ్యవసాయం, గుర్రాల శాల. తల్లి దగ్గర లేని ఆ పిల్లకు అక్కడి ఆఫ్రికా పిల్లలే జట్టు. కిబీ అనే కుర్రాడితో కలిసి బల్లెం పట్టుకుని అడవిలో తిరిగేది.

కరువొచ్చి తండ్రి నష్టపోయాడు. పొలం అమ్ముకుని దక్షిణ అమెరికాలోని పెరూ వెళ్లాడు. బెరిల్ మాత్రం కెన్యా వదలలేదు. ఇరవై ఏళ్లయినా నిండకముందే పందెం గుర్రాలను తయారుచేసే ట్రైనర్‌గా లైసెన్సు తీసుకుంది. ఆ దేశంలో అలాంటి లైసెన్సు పొందిన మొదటి ఆడమనిషి ఆమే.

గుర్రాన్ని సాకడమంటే తెల్లవారకముందే లేచి ఒక్కొక్క కాలూ తడిమి చూడాలి. గిట్టలో రాయి ఇరుక్కుందా, మోకాలు వేడిగా ఉందా, మేత మిగిల్చిందా అని రోజూ గమనించాలి. నొప్పి అని గుర్రం నోరు తెరిచి చెప్పదు కదా! ఈ ముక్క వినగానే, గుమ్మంలో కూర్చుని చేతుల గ్రీజు తుడుచుకుంటున్న మా ఆయన తలెత్తాడు. ఇంజను కూడా అంతేనట.

ఆమెను దేవతను చేసి చెప్పడం నాకిష్టం లేదు. మూడు పెళ్లిళ్లు చేసుకుంది, మూడూ నిలబడలేదు. రెండో భర్త మాన్స్‌ఫీల్డ్ మార్ఖమ్ వల్ల 1929లో కొడుకు పుడితే, ఆ పిల్లవాణ్ణి ఇంగ్లండ్‌లో నాయనమ్మే పెంచింది. బెరిల్ ఆఫ్రికా వచ్చేసింది. ఇది విన్నప్పుడు నాకు కోపమొచ్చింది. ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

ఎవరి లెక్క వారిదే

ఆ రోజుల్లో విమానమంటే చెక్క చట్రం, దాని మీద బిగించిన గుడ్డ, ముందొక ఇంజను. పైకప్పు కూడా ఉండేది కాదు. రేడియో లేదు. సరైన మ్యాపులు లేవు. ముళ్లచెట్లు కొట్టి చదును చేసిన నేలే ఎయిర్‌పోర్టు. అడవిలో ఇంజను ఆగి దిగాల్సి వస్తే, కూలి చావకపోయినా దాహంతో చావొచ్చు.

కాగితం మీద రూల్స్ ఉన్నాయి. విమానానికి సర్టిఫికెట్ ఉండాలి, నడిపేవాళ్లకు లైసెన్సు ఉండాలి. కానీ నైరోబీ దాటితే చూసేదెవరు? అందుకే ఒక్కొక్క పైలట్‌దీ ఒక్కొక్క పద్ధతి. ఇంజను స్టార్టయితే చాలు ఎగిరిపోదామనే వాళ్లు కొందరు. బోల్టు బోల్టూ చూడందే ఎక్కని వాళ్లు కొందరు. మొదటి రకానికి ధీరులని పేరొచ్చేది. రెండో రకాన్ని చాదస్తులనేవాళ్లు. మన ఊళ్లలో మాత్రం వేరేగా ఉందా చెప్పండి?

1928లో మాయా కార్బెరీ అనే 24 ఏళ్ల యువతి నైరోబీలో ఒకరికి విమానం నేర్పుతూ కూలి చనిపోయింది. ఆమె భర్త జాన్ కార్బెరీ డబ్బున్నవాడు, సాహసాలంటే పడి చచ్చేవాడు. ఈయన పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాడు.

రూల్స్ గట్టిగా అమలైన చోటు కూడా ఒకటుంది. అది విని మా అమ్మాయి, నేనూ ఒకేసారి నవ్వాం. అదే 1928లో లండన్ నుంచి దక్షిణాఫ్రికాకు ఒంటరిగా బయల్దేరిన లేడీ మేరీ బెయిలీని ఈజిప్టులో ఆపేశారు. ఆడమనిషి ఒంటరిగా సుడాన్ మీదుగా ఎగరకూడదట, తోడు మగ పైలట్ విమానం రావాలట. ఆమె ఇంజను ఎలా ఉందన్నది కాదు ప్రశ్న. నడిపేది ఆడా మగా అన్నదే ప్రశ్న!

డెనిస్ వెళ్లిన రోజు

కెన్యాలో పద్ధతిగా విమానాలు నడవాలని పూనుకున్నది కూడా ఒక స్త్రీయే. ఫ్లోరెన్స్ కెర్ విల్సన్ అనే వితంతువు 1929లో నైరోబీలో విల్సన్ ఎయిర్‌వేస్ అనే కంపెనీ పెట్టింది. ఇప్పటికీ నైరోబీలో చిన్న విమానాలు లేచే ఎయిర్‌పోర్టుకు ఆమె పేరే ఉంది. ఆ కంపెనీ ముఖ్య పైలట్ టామ్ క్యాంప్‌బెల్ బ్లాక్. ఇతనే బెరిల్‌కు గురువయ్యాడు.

బెరిల్ స్నేహితుడు ఇంకొకరున్నారు, డెనిస్ ఫించ్ హాటన్. చదువుకున్నవాడు, వేటగాడు, అందరికీ ఇష్టుడు. సొంతంగా ఓ చిన్న జిప్సీ మాత్ విమానం తెచ్చుకున్నాడు. ఏనుగుల మందలను పైనుంచి వెతికి పట్టుకోవచ్చని అతని ఆలోచన. 1931 మేలో అలా వెళ్తూ బెరిల్‌ను కూడా రమ్మన్నాడు. ఈసారికి వెళ్లొద్దని టామ్ అన్నాడు. ఎందుకన్నాడో ఏమో, ఆమె ఆగింది.

సముద్రతీరంలో దిగేటప్పుడు పగడపు రాయి తగిలి డెనిస్ విమానం ప్రొపెల్లర్ దెబ్బతింది. నైరోబీ నుంచి వేరేది తెప్పించి బిగించారు. అక్కడి నుంచి వోయ్ అనే ఊరు వచ్చాడు. మే 14న పొద్దున్నే లేచిన విమానం ఒక చుట్టు తిరిగి నేలకూలి కాలిపోయింది. కారణం తేలనే లేదు.

ఆ విమానంలో డెనిస్ ఒక్కడే లేడు. అతని పనివాడు కమావు అనే కికుయు మనిషి కూడా ఉన్నాడు. డెనిస్ మీద పుస్తకాలొచ్చాయి, సినిమా వచ్చింది. కమావు పేరు మాత్రం వాటిలో ఎక్కడో ఒక వాక్యంలో వచ్చి పోతుంది. నడిపేవాడు ధైర్యవంతుడే కావచ్చు, వెనక కూర్చున్నవాడి సంగతేమిటి? మా నల్లగొండ జిల్లాలోనే 2018 ఏప్రిల్‌లో వద్దిపట్ల దగ్గర కూలికి పోతున్న వాళ్ల ట్రాక్టరు కాలువలో పడి 9 మంది చనిపోయారు. కమావు గురించి వింటుంటే నాకు వాళ్లే గుర్తొచ్చారు.

టామ్ నేర్పిన చదువు

డెనిస్ పోయిన ఏడాదే బెరిల్ లైసెన్సు తీసుకుంది. టామ్ మాటల మనిషి కాదు. ఒకసారి కొండల వైపు పోతూ ఆమె విమానాన్ని కిందికి జారిపోనిస్తుంటే, చివరిదాకా చెప్పకుండా ఊరుకుని, తప్పేమిటో ఆమెకే తెలిశాక అప్పుడు పగ్గాలు తను తీసుకున్నాడట. ఆ రోజు నేర్చుకున్నది ఆమె జన్మలో మరిచిపోలేదు.

డబ్బు తీసుకుని ప్రయాణికులను ఎక్కించుకోవాలంటే ఇంకో పెద్ద లైసెన్సు కావాలి. దానికి విమానం నడపడం వస్తే చాలదు. ఇంజను విప్పాలి, పెట్రోలు గొట్టాలు, ఫిల్టర్లు శుభ్రం చేయాలి, ప్లగ్గులు మార్చాలి. 1933లో బెరిల్ ఆ పరీక్ష కూడా నెగ్గింది. కెన్యాలో అది సాధించిన మొదటి స్త్రీ ఆమే.

అప్పుడు పెట్రోలు డబ్బాల్లో వచ్చేది. అందులో నీటి చుక్కో తుప్పు రేణువో ఉంటే గాలిలో ఇంజను ఆగుతుంది. అందుకని మెత్తటి తోలుగుడ్డలో వడగట్టి పోసేవాళ్లు, మనం పాలు వడగట్టినట్టు. ఇంజనులో నిప్పు పుట్టించే మాగ్నెటోలు రెండుంటాయి. లేచే ముందు ఒకదాన్ని ఆపి రెండోది, మళ్లీ దాన్ని ఆపి మొదటిది చూసుకోవాలి. ఇవన్నీ పైలట్ తనే చూసుకోవాల్సిన పనులు. చిన్ననాటి కిబీ పెద్దవాడై అరప్ రూటా అయ్యాడు. ఒకప్పుడు ఆమె గుర్రాలను చూసుకున్నట్టే ఇప్పుడు విమానం చూసుకునేవాడు.

అలా ఆమె గనుల్లో జబ్బుపడ్డ వాళ్లకు మందులు, మారుమూల మకాములకు ఉత్తరాలు మోసింది. ఏనుగుల మందలు వెతికిపెట్టింది. సెరెంగెటీ మైదానంలో తప్పిపోయిన ఒక పైలట్‌ను వెతికి పట్టుకుంది. 1932లోనే, లైసెన్సు వచ్చి ఏడాదైనా కాకముందే, తన పాత ఏవియన్ విమానంలో రేడియో లేకుండా నైరోబీ నుంచి ఇంగ్లండ్ దాకా ఒంటరిగా వెళ్లింది. దారిలో తుఫానుల వల్ల, ఇంజను మొరాయించడం వల్ల దిగాల్సి వచ్చింది. దిగిన ప్రతిసారీ మళ్లీ లేవగలిగింది.

అట్లాంటిక్ మీద ఆ రాత్రి

ఇప్పుడు కార్బెరీ మళ్లీ వస్తాడు. భార్యను విమానంలోనే పోగొట్టుకున్నా ఆయనకు పందేల మోజు తగ్గలేదు. ఇంగ్లండ్ నుంచి అట్లాంటిక్ దాటి అమెరికా వెళ్లగలవా అని బెరిల్‌కు సవాలు విసిరాడు. కొత్తగా తయారైన తన వేగా గల్ విమానం ఇస్తానన్నాడు. షరతు ఒక్కటే. కొద్దిరోజుల్లో ఇంగ్లండ్ నుంచి దక్షిణాఫ్రికాకు జరిగే పందెంలో ఆ విమానాన్ని దింపాలి కాబట్టి ఈలోగా తిరిగి కావాలి. అంటే తొందర!

టామ్ దగ్గర చదువుకున్న బెరిల్ ఇక్కడ కొంచెం తప్పటడుగు వేసిందని నాకనిపిస్తుంది. బరువు తగ్గితే పెట్రోలు ఎక్కువ పడుతుందని రేడియో పెట్టుకోలేదు. లైఫ్ జాకెట్ కూడా వదిలేసి వెచ్చటి బట్టలు వేసుకుంది. 1936 సెప్టెంబర్ 4 సాయంత్రం అబింగ్డన్ నుంచి లేచింది. రాత్రంతా ఎదురుగాలి, వాన, చీకటి. ఒక ట్యాంకు అయిపోయి ఇంజను ఆగితే, ఆ చీకట్లో తడుముకుని ఇంకో ట్యాంకు తిప్పి, విమానం నీళ్లకు దగ్గరగా వచ్చాక బతికించుకుంది.

20 గంటలు దాటాక, నేల కనబడ్డాక, ఆఖరి ట్యాంకులో పెట్రోలు ఉన్నా ఇంజను దగ్గింది. ట్యాంకుకు గాలి వెళ్లే సన్నటి గొట్టంలో మంచు గడ్డకట్టి పెట్రోలు రాలేదు. కెనడా ఒడ్డున కేప్ బ్రెటన్ దీవిలో బురదనేలలో ముక్కు గుచ్చుకుని దిగింది. నుదుటికి గాయమైంది, ప్రాణం దక్కింది. ఇంగ్లండ్ నుంచి ఆగకుండా ఉత్తర అమెరికా చేరిన మొదటి ఒంటరి పైలట్ ఆమె. న్యూయార్క్ నెత్తిన పెట్టుకుంది. బెరిల్ ధైర్యం తక్కువేం కాదు. కానీ ఆమె చావు అంచులదాకా వెళ్లింది వేలెడంత గొట్టం వల్ల.

మనమొక్కరం జాగ్రత్తగా ఉంటే చాలా?

ఆమె న్యూయార్క్‌లో ఉండగానే ఇంకో వార్త వచ్చింది. సెప్టెంబర్ 19న లివర్‌పూల్‌లో టామ్ క్యాంప్‌బెల్ బ్లాక్ చనిపోయాడు. గాలిలో కాదు, నేల మీద. తన విమానాన్ని మెల్లగా నడిపించుకుంటూ పోతుంటే, అప్పుడే దిగిన సైనిక విమానం ఒకటి వచ్చి గుద్దింది. అంత జాగ్రత్తపరుడు, వేరేవాళ్ల విమానం కింద పోయాడు. అది విన్నాక మా ఇంట్లో కాసేపు ఎవరం మాట్లాడలేదు.

దక్షిణాఫ్రికా పందెం ఆ నెలాఖరున జరిగింది. 9 విమానాలు లేస్తే జోహన్నెస్‌బర్గ్ చేరింది ఒక్కటే. ఆఫ్రికాలో ఒక విమానం కూలి ఇద్దరు చనిపోయారు.

ఎవరి లెక్క వారిదైతే ఏమవుతుందో ఇవన్నీ చూశాకే లోకానికి తెలిసింది. 1944లో షికాగోలో 52 దేశాలు ఒప్పందం మీద సంతకం పెట్టాయి. మన దేశమూ అందులో ఉంది. విమానం ఏ దేశానిదైనా మరమ్మతులకూ, పైలట్ లైసెన్సులకూ కనీస ప్రమాణాలు ఒకటే ఉండాలన్నది దాని సారం. అయినా తేడాలు పూర్తిగా పోలేదు. భద్రత సరిగా లేని కంపెనీలు రావద్దంటూ 2006 నుంచి యూరప్ వేస్తున్న జాబితాలో ఆఫ్రికా కంపెనీలు చాలానే కనిపిస్తాయి. అలాగని తప్పంతా అక్కడే ఉందనుకోవద్దు. 2019 మార్చి 10న ఇథియోపియా విమానం కూలి 157 మంది చనిపోయినప్పుడు చాలామంది పైలట్లనే అనుమానించారు. చివరికి తేలిందేమిటంటే, అమెరికాలో తయారైన ఆ విమానం డిజైన్‌లోనే లోపముంది.

బెరిల్ తర్వాత విమానాలు వదిలి మళ్లీ గుర్రాల దగ్గరికే వచ్చింది. 1942లో రాసిన ఆత్మకథ మరుగున పడి, 1983లో మళ్లీ అచ్చయ్యాక ప్రపంచమంతా చదివింది. అప్పటికి ఆమె నైరోబీలో రేసుకోర్సు పక్కన చిన్న ఇంట్లో, చేతిలో డబ్బు లేకుండా ఉంటోంది. 1986 ఆగస్టు 3న కన్నుమూసింది.

శ్రీశైలం దారిలో

ఆ కథ అయిపోయిన రాత్రి మా ఆయన ఒక పాత సంగతి తీశాడు. మా పుట్టిల్లు మహబూబ్‌నగర్ జిల్లా జడ్చర్ల. మా తమ్ముడికి అప్పట్లో ఒక జీపుండేది. శివరాత్రికి అందరం శ్రీశైలం బయల్దేరాం. డిండి దాటాక బ్రేకు పెడల్ కొంచెం లోపలికి పోతోందని మా ఆయన గమనించాడు. మన్ననూర్‌లో ఆపి చూస్తానన్నాడు. తమ్ముడికి కోపమొచ్చింది. ఎన్నిసార్లు పోయొచ్చాను బావా, ఏం కాదు అన్నాడు. ఆడవాళ్లం కూడా చీకటి పడుతుందని మా ఆయన మీదే విసుక్కున్నాం. చక్రం దగ్గర చూస్తే బ్రేకు గొట్టం చిట్లి ఆయిల్ కారుతోంది. ముందున్నది డ్యామ్ దాకా దిగే ఘాటు రోడ్డు, జీపులో నలుగురు పిల్లలు.

ఆ రోజు విసుక్కున్న వాళ్లలో నేనూ ఉన్నాను. అదే ఇన్నాళ్లకు నాకు గుచ్చుకుంది. జాగ్రత్తపడే మనిషిని పిరికివాడని మనమే అంటాం. మళ్లీ ప్రమాదం జరిగితే తలరాత అని మనమే ఏడుస్తాం.

మా అమ్మాయికి సరేనన్నాను. అయితే ఏ శిక్షణ సంస్థకు వెళ్లినా ఫీజు కట్టే ముందు మూడు సంగతులు అడిగి రమ్మన్నాను. ఈ సంస్థకు డీజీసీఏ అనుమతి ఉందా? ప్రతి విమానానికీ ఎప్పుడేం మరమ్మతు చేశారో రాసిన పుస్తకం చూపిస్తారా, కింద సంతకం ఎవరిది? ఇక మూడోది, నాకు అన్నిటికంటే ముఖ్యమైనది. ఏదో తేడాగా ఉంది, ఇవ్వాళ ఎగరను అని విద్యార్థి అంటే ఏమంటారు?

మూడో ప్రశ్నకు నవ్వేసేవాళ్ల దగ్గర చేరొద్దని చెప్పాను. మొన్న ఒకచోటికి వెళ్లి అడిగొచ్చింది. వాళ్లు నవ్వారట. ఇంకోచోటికి వచ్చేవారం తండ్రీకూతుళ్లు కలిసి వెళ్తున్నారు. ఈసారి నేనూ వెళ్తున్నాను.